ఫ్యాన్ ఎవరి మాట వినాలి: ఒక గ్రాఫిక్స్ కార్డు ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 12, 2025, శనివారం

ఉప్పల్‌లో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగి, పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి నడిచాను. కంప్యూటర్ సామాను కొనేవాళ్లకి సీటీసీ అంటే చాలు. మా అక్క కూతురు యానిమేషన్ చదువుతోంది. జూన్ మొదటి వారంలోపు బ్లెండర్ అనే 3డీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో 90 సెకన్ల చిన్న సినిమా చేసి ఇవ్వాలి. చెరువుగట్టు మీద బతుకమ్మలు పేర్చిన సీన్ ఒకటి ఉంది, వేలకొద్దీ తంగేడు పూలు, గునుగు పూలు. తన కంప్యూటర్‌లో ఉన్న గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1050 టీఐకి మెమరీ 4 జీబీయే. ఆ సీన్ తెరిస్తే చాలు, మెమరీ సరిపోలేదని బ్లెండర్ ఆగిపోతోంది.

కొత్త కార్డుకి అక్క దగ్గర బడ్జెట్ లేదు. అందుకే సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీది చూశాం. షాపతను 17,500 చెప్పి 16,800 దగ్గర ఆగాడు. "అన్నా, పెట్టి చూపిస్తా, మంచిగుంటేనే పైసలు ఇయ్యి" అన్నాడు. ఆ మాట నచ్చింది.

పెన్‌డ్రైవ్‌లో జీపీయూ-జెడ్ తీసుకెళ్లాను. ఇది కార్డు వివరాలు చూపించే టెక్‌పవర్‌అప్ వాళ్ల చిన్న టూల్, ఇన్‌స్టాల్ చేయకుండానే నడుస్తుంది. చూడాల్సినవి: చిప్ జీఏ106, షేడర్లు 3584, మెమరీ 12 జీబీ జీడీడీఆర్6, బస్ 192 బిట్. ఇదే 3060 పేరుతో 8 జీబీ, 128 బిట్ రకం కూడా మార్కెట్లో ఉంది కాబట్టి డబ్బా మీద పేరు చూసి ఆగకూడదు. పాత చిప్‌కి కొత్త పేరు రాసి అమ్మే నకిలీ ఎన్విడియా కార్డులను 2018 నుంచి ఈ టూల్ పట్టుకుంటోంది, పేరుకి ముందే ఫేక్ అని చూపిస్తుంది. మాది అసలుదే. అక్కడే కార్డులోని వీబయోస్‌ని, అంటే కార్డు లోపలే ఉండి దాన్ని నడిపించే చిన్న ప్రోగ్రాంని, ఒక ఫైలుగా దాచుకున్నాను. రేపు ఏదైనా తేడా వస్తే అసలు కాపీ చేతిలో ఉండాలి.

డబ్బాలో సీడీ లేదు. క్యూఆర్ కోడ్ ఉన్న చీటీ ఒకటి, అంతే. నా మొదటి కార్డు 8400 జీఎస్ కూడా ఈ బిల్డింగ్‌లోనే కొన్నాను. అప్పుడు డబ్బాలో డ్రైవర్ సీడీ, డీవీడీ ప్లేయర్ సాఫ్ట్‌వేర్ ఉండేవి. నెట్ నెమ్మదిగా ఉండే రోజుల్లో ఆ సీడీని బీరువాలో దాచుకునేవాణ్ని. ఇప్పుడు సీడీ పోయింది కానీ, కార్డుతో వచ్చే సాఫ్ట్‌వేర్ మాత్రం పెరిగింది.

ఏప్రిల్ 13, ఆదివారం

రామంతాపూర్‌లో అక్క వాళ్లిల్లు. పై అంతస్తు గది, స్లాబ్ వేడి నేరుగా దిగుతుంది. ముందు పాత డ్రైవర్‌ని, అంటే కార్డుకీ విండోస్‌కీ మధ్య మాట కలిపే సాఫ్ట్‌వేర్‌ని, శుభ్రంగా తీశాం. నెట్ కేబుల్ పీకేసి, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ నడిపాం. నెట్ ఉంచితే మనం కొత్తది పెట్టేలోపే విండోస్ అప్‌డేట్ తనకి తోచిన డ్రైవర్ పెట్టేస్తుంది.

తర్వాత ఎన్విడియా స్టూడియో డ్రైవర్. గేమ్ రెడీ, స్టూడియో అని రెండు రకాలు 2019 నుంచి ఉన్నాయి. కొత్త గేమ్ వచ్చిన రోజుకి అందేది మొదటిది. బ్లెండర్, ప్రీమియర్ లాంటి వాటిమీద ఎక్కువ పరీక్షించి ఇచ్చేది రెండోది. మన పని రెండోదానితో.

ఎన్విడియా యాప్ కూడా పెట్టాం. పాత జీఫోర్స్ ఎక్స్‌పీరియెన్స్ బదులు 2024 నవంబర్‌లో వచ్చింది ఇది. లాగిన్ అడగకపోవడం దీంట్లో నాకు నచ్చిన విషయం. అయితే ఓవర్‌లేలో (గేమ్ మీద తేలుతూ వచ్చే మెనూలో) ఉండే గేమ్ ఫిల్టర్లను ఆపేశాం. అవి ఆన్‌లో ఉంటే, వాడకపోయినా కొన్ని గేముల్లో వేగం తగ్గుతోందని 2024 డిసెంబర్‌లో బయటపడింది. ఆపేయమని ఎన్విడియానే చెప్పింది.

ఇక చీటీ మీద ఉన్న క్యూఆర్ కోడ్. చిప్ ఎన్విడియాది, కార్డు చేసింది వేరే కంపెనీ; ఆ కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్ ఈ కోడ్‌తో వస్తుంది. కార్డు తయారుచేసిన కంపెనీ పేరు ఇక్కడ రాయను. నా గొడవ ఆ ఒక్క కంపెనీతో కాదు. ఇన్‌స్టాల్ చేయకముందు, చేశాక కొలతలు తీసుకున్నాను. పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి డెస్క్‌టాప్ పనికొచ్చేదాకా 24 సెకన్లు పట్టేది, 41 అయింది. ఏ పనీ చేయకుండా ఉన్నప్పుడు వాడే ర్యామ్ 3.1 జీబీ నుంచి 3.9కి వెళ్లింది. కొత్త సర్వీసులు 6, టాస్క్ షెడ్యూలర్‌లో కొత్త పనులు 4. కార్డు లైట్ల రంగు మార్చడానికి ఒకటి, ఫ్యాన్‌కి ఒకటి, అప్‌డేట్లు వెతకడానికి ఒకటి. మిగతావి ఏం చేస్తున్నాయో ఎక్కడా రాసి లేదు.

అందులో ఓసీ మోడ్ అనే బటన్ ఉంది. ఓసీ అంటే ఓవర్‌క్లాక్, కార్డుని మామూలు కంటే వేగంగా నడపడం. వేగం ఎంత పెరుగుతుందో చూద్దామని నొక్కాను. పక్కనే, ఇంతకుముందు నుంచి నాకు అలవాటైన ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే కార్డు సెట్టింగ్‌ల టూల్ కూడా పెట్టి, ఫ్యాన్‌కి ఒక కర్వ్ గీశాను, అంటే ఎంత వేడికి ఎంత వేగంగా తిరగాలో చెప్పే గీత.

ఏప్రిల్ 16, బుధవారం

రాత్రి ఒంటిగంటకి ఫోన్.

"మామా, ఇదేంది? ఊకె లొల్లి చేస్తోంది, మళ్లీ నిమిషానికే సైలెంట్ అయిపోతోంది. రెండర్ కూడా మధ్యలో ఆగింది."

రెండర్ అంటే సీన్‌లోని ఒక్కో ఫ్రేమునీ కార్డు లెక్కలు కట్టి బొమ్మగా మార్చడం. ఫోన్ స్పీకర్‌లో పెట్టమన్నాను. ఫ్యాన్లు ఒక్కసారిగా హోరుమని లేచి, పది సెకన్లలో దిగి, మళ్లీ లేస్తున్నాయి. తను చాలా టెన్షన్ పడుతోంది. కార్డు కాలిపోతుందేమో అని భయం. "బంగారూ, షట్‌డౌన్ చేసి పడుకో. ఆ వేడికే కార్డు పాడవదు, మితిమీరితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది" అని చెప్పాను. చెప్పాను కానీ నాకూ నిద్ర పట్టలేదు.

ఏప్రిల్ 18, శుక్రవారం

ఆఫీసు నుంచి నేరుగా రామంతాపూర్. ఆఫ్టర్‌బర్నర్‌లో సెకనుకొకసారి ఉష్ణోగ్రత, ఫ్యాన్ వేగం, వాట్లు ఫైలులోకి రాసేలా పెట్టి అరగంట రెండర్ నడిపాం. గ్రాఫ్ చూడగానే విషయం అర్థమైంది. ఫ్యాన్ వేగం 35 శాతం, 78 శాతం అనే రెండు మెట్ల మధ్య అటూ ఇటూ దూకుతోంది. 35 అనేది కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోని సైలెంట్ ప్రొఫైల్. 78 నేను ఆఫ్టర్‌బర్నర్‌లో గీసిన కర్వ్. ఇద్దరు ఒకే ఫ్యాన్‌కి వంతులవారీగా ఆజ్ఞలిస్తున్నారు. ఎవరు చివర చెబితే వాళ్ల మాట చెల్లుతోంది. కార్డు తప్పు రవ్వంత కూడా లేదు.

రెండర్ ఆగడానికి కారణం వేరు. విండోస్ చిట్టా అయిన ఈవెంట్ వ్యూయర్‌లో 4101 నంబరు ఎంట్రీలు మూడు ఉన్నాయి, డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానేసి మళ్లీ కోలుకుందని. నేను ఆదివారం నొక్కిన ఓసీ మోడ్ ప్రతిసారీ కంప్యూటర్ ఆన్ కాగానే దానంతటదే మళ్లీ అమలవుతోంది. మెమరీ వేగం కూడా పెంచేస్తోంది. గేమ్‌లో అయితే తెర మీద ఒక చుక్క తప్పుగా వచ్చి పోయేదేమో. రెండర్‌లో గంటల తరబడి లెక్కలు నడుస్తాయి, ఎక్కడో ఒకచోట తప్పుతుంది. ఏం మారుస్తుందో చదవకుండా ఆ బటన్ నొక్కడం నా తప్పు. పిల్లకి రెండు రాత్రుల పని పోయింది.

ఫ్యాన్ విషయంలో ఇంకో సంగతి. ఈ కార్డుల్లో చాలావరకు ఉష్ణోగ్రత తక్కువగా ఉంటే ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోతాయి. సొంత కర్వ్ గీసేటప్పుడు సరిగ్గా ఆ సరిహద్దు దగ్గర గీస్తే ఫ్యాన్ ఆగుతూ తిరుగుతూ ఉంటుంది. ఆఫ్టర్‌బర్నర్‌లో హిస్టెరిసిస్ అని ఒక గడి ఉంటుంది, అక్కడ కొన్ని డిగ్రీలు ఇస్తే ఉష్ణోగ్రత అంతమేర తగ్గేదాకా ఫ్యాన్ వేగం దించదు. చిన్న గడే కానీ చెవులకి చాలా తేడా.

ఏప్రిల్ 20, ఆదివారం

కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేయాలని నిర్ణయం. అక్క అడిగింది: "కార్డుతోపాటు ఇచ్చింది కదరా, తీసేస్తే వారంటీ పోదా?" వారంటీకీ దానికీ సంబంధం లేదు. కార్డు నడవడానికి కావాల్సింది డ్రైవర్ ఒక్కటే.

తీసేయడానికి ఫ్యాన్ గొడవ ఒక్కటే కారణం కాదు. మామూలు ప్రోగ్రాం హార్డ్‌వేర్‌ని నేరుగా ముట్టుకోలేదు. ఫ్యాన్, వోల్టేజీ లాంటివి ఎన్విడియా డ్రైవర్ ద్వారా అడిగి మార్చుకోవచ్చు. కానీ మదర్‌బోర్డ్ సెన్సార్లు, ర్యామ్ లైట్లు, రకరకాల చిప్‌లతో మాట్లాడాలంటే ఈ యుటిలిటీలు తమ సొంత కెర్నల్ డ్రైవర్‌ని తెచ్చి పెడతాయి. కెర్నల్ అంటే విండోస్‌లో అన్ని గదుల తాళాలు ఉన్న చోటు. ఆ డ్రైవర్‌ని జాగ్రత్తగా రాయకపోతే, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఎవరు అడిగితే వాళ్లకి అన్ని ఫ్లాట్ల తాళంచెవులు ఇచ్చేసినట్టే.

ఇది ఊహ కాదు. 2018 డిసెంబర్‌లో సెక్యూర్‌ఆథ్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు గిగాబైట్ యాప్ సెంటర్, ఆరస్ గ్రాఫిక్స్ ఇంజిన్ లాంటి వాటితో వచ్చే డ్రైవర్లలో లోపాలు బయటపెట్టారు. అందులో ఒకటి సీవీఈ-2018-19320 (సీవీఈ అంటే బయటపడ్డ లోపాలకిచ్చే నంబరు). 2020లో రాబిన్‌హుడ్ అనే ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వైరస్) ఆ డ్రైవర్‌నే వెంట తెచ్చుకుని, దాని సాయంతో యాంటీవైరస్‌ని చంపేసిందని భద్రతా కంపెనీ సోఫోస్ చెప్పింది. డ్రైవర్‌కి సరైన డిజిటల్ సంతకం ఉంది కాబట్టి విండోస్ లోపలికి రానిచ్చింది. నేను ఇష్టంగా వాడే ఆఫ్టర్‌బర్నర్ కూడా దీనికి మినహాయింపు కాదు. దాని పాత వెర్షన్‌లోని ఆర్‌టీకోర్64 డ్రైవర్‌లో సీవీఈ-2019-16098 అనే లోపం ఉండేది. 2022లో బ్లాక్‌బైట్ అనే ర్యాన్సమ్‌వేర్ ముఠా దాన్ని అలాగే వాడుకుంది. ఈ మార్చిలో విన్‌రింగ్0 అనే డ్రైవర్‌ని విండోస్ డిఫెండర్ ముప్పుగా చూపించడం మొదలుపెట్టేసరికి, దాని మీద ఆధారపడ్డ ఫ్యాన్ టూల్స్, లైట్ల టూల్స్ ఎన్నో ఇబ్బంది పడ్డాయి.

పిల్ల బ్లెండర్ యాడ్‌ఆన్‌లు, బ్రష్‌లు, టెక్స్చర్లు ఎక్కడెక్కడి నుంచో దించుకుంటుంది. అలాంటి మెషీన్‌లో కెర్నల్ డ్రైవర్లు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్ కింద, కెర్నల్‌లోకి చెడ్డ కోడ్ రాకుండా అడ్డుకునే మెమరీ ఇంటెగ్రిటీ ఆన్ చేశాం. లోపాలున్న డ్రైవర్ల బ్లాక్‌లిస్ట్ కూడా ఆన్‌లోనే ఉందని చూసుకున్నాం.

అన్‌ఇన్‌స్టాల్ అయ్యాక మెషీన్ రీస్టార్ట్ చేసి, మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల ఆటోరన్స్ తెరిచాను. విండోస్‌తోపాటు తమంతట తామే మొదలయ్యేవన్నీ ఇది చూపిస్తుంది. రెండు సర్వీసులు, మూడు షెడ్యూల్ పనులు, ఒక డ్రైవర్ ఇంకా అక్కడే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ వెళ్లిపోయాక దాని డ్రైవర్ అలాగే మిగలడం నాకు చాలా కోపం తెప్పించింది. వాడేవాడికి చెప్పకుండా తాళంచెవి ఇంట్లో వదిలేసి వెళ్లడం అది. రీస్టోర్ పాయింట్ పెట్టుకుని, ముందు టిక్ తీసేసి, ఒకసారి రీస్టార్ట్ చేసి అంతా బాగుందనుకున్నాకే డిలీట్ చేశాను. ఇలాంటివి చేసేటప్పుడు నేరుగా డిలీట్ కొట్టకండి, టిక్ తీస్తే వెనక్కి రావచ్చు.

బూట్ మళ్లీ 24 సెకన్లు.

ఏప్రిల్ 26, శనివారం

లైట్లు. సాఫ్ట్‌వేర్ తీసేశాక కార్డు మీది దీపాలు మళ్లీ ఏడు రంగులూ తిప్పుతున్నాయి. రాత్రి గదిలో పడుకోవడానికి ఇబ్బంది. పిల్ల అడిగింది: "మామా, ఒకే రంగు ఉంచొచ్చా? తంగేడు పసుపు."

ఓపెన్‌ఆర్‌జీబీ అనే ఓపెన్ సోర్స్ టూల్ ఉంది, ఏ కంపెనీ లైట్లకైనా పనికొచ్చేలా చేసింది. అందులో రంగు ఎంచి, డివైజ్‌లోకే సేవ్ చేసే బటన్ నొక్కాం. అన్ని కార్డులకీ ఈ సదుపాయం ఉండదు, దీనికి ఉంది. ప్లగ్ పీకి పది నిమిషాలాగి మళ్లీ పెట్టినా పసుపే. ఆ వెంటనే ఆ టూల్ కూడా తీసేశాం. రంగు కార్డులోనే ఉన్నప్పుడు దాన్ని గుర్తుచేయడానికి రోజంతా ఒక ప్రోగ్రాం నడవక్కర్లేదు.

మే 3, శనివారం

మధ్యాహ్నం గదిలో థర్మామీటర్ 37 డిగ్రీలు చూపిస్తోంది. కూలర్ ఉంది కానీ దాని తడిగాలి క్యాబినెట్ మీదికి రాకుండా మెషీన్‌ని అవతలి గోడకి జరిపాం. కంపెనీ సెట్టింగ్‌లతోనే బతుకమ్మ సీన్ రెండర్ చేస్తే ఫ్రేముకి సగటున 132 సెకన్లు, కార్డు 168 వాట్లు, 81 డిగ్రీలు. 3060కి అనుమతించిన విద్యుత్తు 170 వాట్లు కాబట్టి అది పూర్తి సామర్థ్యంతో నడుస్తోంది. ఆ వేడంతా గదిలోకే.

ఇక్కడే ఆఫ్టర్‌బర్నర్ నిజమైన విలువ తెలుస్తుంది. దాన్ని రాసింది అలెక్సీ నికోలైచుక్. అంతకుముందు రివాట్యూనర్ అనే టూల్ రాసింది ఆయనే. ఇప్పుడది ఎంఎస్‌ఐ పేరుతో వస్తుంది కానీ ఏ కంపెనీ కార్డు మీదైనా నడుస్తుంది. కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వోల్టేజీకి, వేగానికి మధ్య ఉన్న కర్వ్ తెరుచుకుంటుంది. చేయాల్సింది ఇది: కర్వ్ మొత్తాన్ని కిందికి దించి, మనం ఎంచుకున్న వోల్టేజీ దగ్గర చుక్కని 1800 మెగాహెర్ట్జ్‌కి ఎత్తి, అప్లై నొక్కాలి. అక్కడి నుంచి కుడివైపంతా చదునుగా మారుతుంది. అంటే కార్డు ఆ వోల్టేజీ దాటి అడగదు. దీన్నే అండర్‌వోల్ట్ అంటారు.

825 మిల్లీవోల్ట్‌ల దగ్గర మొదలుపెట్టాను. కార్డుని పరీక్షించే హెవెన్ బెంచ్‌మార్క్ 20 నిమిషాలు హాయిగా నడిచింది. బ్లెండర్‌లో మూడో ఫ్రేముకే పోయింది. 850తో రెండు గంటలు నిలబడి తర్వాత ఆగింది. 862తో రాత్రంతా నడిచింది. బెంచ్‌మార్క్ గట్టెక్కింది కదా అని నమ్మకూడదు, మీరు రోజూ చేసే పనితోనే పరీక్షించాలి. దీనికి ఓపిక కావాలి.

862 దగ్గర లెక్క: ఫ్రేముకి 136 సెకన్లు, 127 వాట్లు, 70 డిగ్రీలు. నాలుగు సెకన్లు ఇచ్చి 41 వాట్లు, 11 డిగ్రీలు తెచ్చుకున్నాం. ఫ్యాన్ చప్పుడు పక్క గదిలోకి వినపడటం లేదు. అక్క ఆ ఒక్కదానికే సంతోషించింది.

మే 4, ఆదివారం

ఇంకో దారి కూడా పరీక్షించాను. ఎన్విడియా డ్రైవర్‌తోపాటే ఎన్విడియా-ఎస్ఎంఐ అనే కమాండ్ లైన్ టూల్ వస్తుంది. బొమ్మలు, బటన్లు లేవు కాబట్టి చాలామంది దాని జోలికి వెళ్లరు. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల డబ్బా తెరిచి, దానికి పీఎల్ అనే ఆప్షన్‌తో 130 ఇస్తే కార్డు 130 వాట్లు దాటదు. ఉష్ణోగ్రత, వాట్లు, క్లాక్ వేగం సెకన్ల వారీగా రాసి కూడా ఇస్తుంది. అదనంగా ఏ డ్రైవరూ అక్కర్లేదు. నాకు మనసు దీనిమీదే ఉంది.

కానీ ఫ్రేముకి 143 సెకన్లు పట్టింది. వాట్లకి గీత గీస్తే కార్డు వేగాన్నీ వోల్టేజీనీ కలిపి దించుతుంది. అండర్‌వోల్ట్‌లో వేగం నిలబెట్టి వోల్టేజీ మాత్రమే తగ్గిస్తాం.

పిల్ల ముందు కాగితం పెట్టి లెక్క వేశాం. 90 సెకన్లు, సెకనుకి 24 ఫ్రేములు, మొత్తం 2,160. ఫ్రేముకి 7 సెకన్ల తేడా అంటే 4 గంటల 12 నిమిషాలు.

"నాలుగు గంటలంటే దాదాపు సగం రాత్రి మామా. సబ్మిషన్ అయ్యేదాకా ఆఫ్టర్‌బర్నర్ ఉండనీ. తర్వాత నీ నల్ల డబ్బా పెట్టుకుందాం."

పని తనది, నిర్ణయం కూడా తనదే. ఆఫ్టర్‌బర్నర్ కొత్త వెర్షన్‌ని అసలు సైట్ నుంచే తీసుకున్నాం. 2022లో అచ్చం దాని పేజీలా కనిపించే నకిలీ సైట్లు పుట్టి, దించుకున్నవాళ్ల మెషీన్లలో దొంగచాటుగా క్రిప్టో కరెన్సీ తవ్వే ప్రోగ్రాంలు, పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రాంలు చేరాయి. సెర్చ్‌లో పైన కనిపించే ప్రకటన మీద నొక్కొద్దని పిల్లకి రెండుసార్లు చెప్పాను. ఫ్యాన్ కర్వ్ మాత్రం గీయలేదు, కార్డు సొంత కర్వ్‌కే వదిలేశాం. ఆఫ్టర్‌బర్నర్ వోల్టేజీ ఒక్కటే చూస్తుంది.

మే 15, గురువారం

13 నుంచి అసలు రెండర్ మొదలైంది. రాత్రి 10 నుంచి పొద్దున 7 దాకా. నిన్న రాత్రి గాలివాన, కరెంటు గంటసేపు పోయింది. యూపీఎస్ ఆరు నిమిషాలు నిలబడింది. ఇదివరకు ఇదే యూపీఎస్ నాలుగు నిమిషాలకే చేతులెత్తేసేది. సేవ్ చేసి మూసేయడానికి పిల్లకి టైం దొరికింది.

ముందే వీడియో ఫైలుగా కాకుండా ఒక్కో ఫ్రేమునీ విడి బొమ్మగా రాయమని పెట్టాం. ఓవర్‌రైట్ తీసేసి ప్లేస్‌హోల్డర్ ఆన్ చేశాం. అంటే ఉన్న ఫ్రేముని మళ్లీ చేయదు, మొదలుపెట్టే ఫ్రేముకి ముందుగా ఒక ఖాళీ ఫైలు పెడుతుంది. కరెంటు వచ్చాక, సగంలో ఆగిన ఫ్రేము ఖాళీ ఫైలుని తీసేసి రెండర్ నొక్కితే మిగిలినచోట నుంచి సాగింది. పోయింది ఒక్క ఫ్రేమే.

మే 18, ఆదివారం

పొద్దున ఏడున్నరకి రామంతాపూర్ వెళ్లాను. 2,160లో 1,163 ఫ్రేములు ఫోల్డర్‌లో ఉన్నాయి. ఈవెంట్ వ్యూయర్‌లో 4101 ఒక్కటి కూడా లేదు. ఐదు రాత్రుల్లో ఉష్ణోగ్రత 71 దాటలేదు. క్యాబినెట్ లోపల తంగేడు పసుపు వెలుగుతోంది.

పిల్ల మాత్రం 871వ ఫ్రేము తెరిచి కూర్చుంది. పై వరసలో ఒక గునుగు పువ్వు బతుకమ్మని అంటుకోకుండా గాల్లో తేలుతోంది. దాదాపు 14 ఫ్రేముల్లో అలాగే ఉంది. పువ్వుని సరిచేసి ఆ 14 ఫ్రేముల్నీ డిలీట్ చేసింది. ఈ రాత్రి ముందు అవే వస్తాయి, అరగంట పని.